218 బై 31

జూన్ 3, సోమవారం

ఈ డైరీ కొన్నది జనవరిలో, మొదలుపెట్టింది ఇవాళ. ఐదు నెలల కాగితం దండగ. పోనీ.

వచ్చే సోమవారం నుంచి ఆఫీసులో ఫోన్లు తీసేస్తున్నారు. ఇంట్లో రోగి ఉన్నవాళ్లు ఆక్సిజన్ సిలిండర్ కావాలన్నా, చక్రాల కుర్చీ కావాలన్నా ఇక యాప్‌లోనే నొక్కాలి. మా ఓనరు బిక్ అక్క పొద్దున్నే అందర్నీ నిలబెట్టి చెప్పింది. ఫోన్లు ఎత్తే అమ్మాయిలు అడ్రస్‌లు తప్పు రాస్తున్నారట, తప్పింటికి తిరిగొచ్చిన పెట్రోలు ఎవడబ్బ పోస్తాడు అని అరిచింది. ఇక మనుషులొద్దు, సర్వరే రాసుకుంటుంది అని నా వైపు చూసింది. దాంతో అందరూ చూశారు. నేను నా ఐస్ కాఫీ వైపు చూశాను.

సర్వర్ అంటే నేనే. దాని కోడ్ రాసేది ఈ కంపెనీలో నేనొక్కదాన్నే. ఫోన్లో కనిపించే యాప్ రాసేది ఖోయి.

పని చెప్పుకుంటే చిన్నదే. ఎవరో బటన్ నొక్కుతారు, నాకొక రిక్వెస్ట్ వస్తుంది. అందులోంచి ఎవరు, ఏ వీధి, ఏ ఇల్లు, ఎంత సిలిండర్ అన్నవి తీసి డ్రైవర్ ఫోన్‌కి పంపాలి. తీసే పని ఫ్రేమ్‌వర్క్ అనే రెడీమేడ్ కోడ్ చేస్తుంది. ఏది ఎక్కడుంటుందో నేను చెబితే చాలు. ఎవరన్నది హెడర్‌లో, అంటే రిక్వెస్ట్ తల మీది చీటీలో, పెట్టించాను. మిగతాదంతా పాత్‌లో, అంటే రిక్వెస్ట్ పైన ఒకే వరసలో రాసే అడ్రసులో: వీధి, ఏటవాలు గీత, ఇంటి నంబరు, మళ్లీ గీత, సిలిండర్ సైజు. గీత కనిపించిన చోటల్లా ఫ్రేమ్‌వర్క్ కోస్తుంది. మొదటి ముక్క వీధి, రెండోది ఇల్లు, మూడోది సైజు. సైజు చెప్పకపోతే పది లీటర్లు.

ఇవన్నీ బాడీలో, కవరు లోపలి ఉత్తరంలా, పెట్టి పంపొచ్చు కదా అని ఖోయి అడిగాడు. పాత్‌లో అయితే లాగ్, అదే సర్వర్ రాసుకునే చిట్టా, చదువుకోవడానికి ముచ్చటగా ఉంటుంది అన్నాను. ముచ్చట నీకా, కస్టమర్‌కా అన్నాడు. పని చూసుకో అన్నాను.

జూన్ 5, బుధవారం

ఖోయి అన్న మాట తల్లో తిరుగుతూనే ఉంది. ఈ సైగాన్‌లో సగం మంది ఇంటి నంబరులోనే గీత ఉంటుంది. నేనుండేది 218 బై 52. అంటే రోడ్డు మీద 218, దాని పక్కన సందు, ఆ సందులో 52. ఆ గీత కూడా పాత్‌లో పడితే ఫ్రేమ్‌వర్క్ దాన్నీ కోసేస్తుంది. ఆ మాత్రం నాకు తెలియదా.

ఖోయికి చెప్పాను. ఇంటి నంబరులోని గీతకి వాడు ముసుగు వేసి పంపుతాడు: శాతం గుర్తు, రెండు, ఎఫ్. నా సర్వర్ ముందు ముక్కలు కోసి, ఆ తర్వాతే ముసుగు తీస్తుంది. నా లాప్‌టాప్ మీద మా ఇంటి నంబరే పెట్టి చూశాను. 218 బై 52 చెక్కుచెదరకుండా వచ్చింది.

ఇంకో మంచి పని కూడా చేశాను. అదనంగా ముక్కలేమైనా వస్తే వాటిని వదిలేయమని రాశాను. మా దగ్గర లేని సైజు అడిగితే పదిగా మార్చమని రాశాను. నా సర్వర్ ఎవర్నీ గుమ్మంలోంచి వెనక్కి పంపదు.

జూన్ 8, శనివారం

ఊత్ తాతకి యాప్ నేర్పించేసరికి నా చొక్కా తడిసిపోయింది.

ఆయనది మా సందులోనే 31, పసుప్పచ్చ తలుపు. ఊత్ అంటే ఇంటికి ఆఖరివాడు. ఎనభైకి దగ్గరపడ్డాడు, అన్నలూ అక్కలూ అందరూ పోయారు, ఈయన మాత్రం ఇంకా ఆఖరి పిల్లాడే. ఒకప్పుడు సైగాన్ నుంచి కా మావ్ వెళ్లే బస్సుకి కండక్టరు. ఈ సందులోంచి అరిస్తే మార్కెట్లో వినిపించేదట. ఇప్పుడు ఊపిరితిత్తులు పాడై, నాలుగు మాటలకోసారి ఆగుతాడు. ఒక సిలిండర్ వాడుతూ, ఇంకొకటి మంచం పక్కన నిండుగా పెట్టుకుంటాడు. ఇంట్లో మనవరాలు ఒక్కతే తోడు. ఆమె కుట్టు ఫ్యాక్టరీకి పోతే సాయంత్రం దాకా ఒంటరి.

ఇన్నాళ్లూ మా డ్రైవర్ థియెప్ అన్నకి ఫోన్ చేసేవాడు. థియెప్ కళ్లు మూసుకుని ఈ సందులోకి బండి తోలగలడు. సోమవారం నుంచి ఆయన్ని థు దక్ వైపు మార్చారు.

తాత బటన్ వైపు అనుమానంగా చూశాడు. థియెప్ గాడైతే ఆలస్యమైనప్పుడు తిట్టుకోవచ్చు, దీన్నెలా తిట్టాలే పిల్లా అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఊపిరి అందనప్పుడు ఫోన్లో ఇంటి నంబరు కూడా చెప్పలేవు తాతా, ఇదైతే వేలు ఆనిస్తే చాలు అన్నాను. ఆ మాట ఆయనకి పట్టింది. సరే, తిట్టాలనిపిస్తే పదిసార్లు నొక్కుతా, నువ్వే అర్థం చేసుకో అన్నాడు.

మనవరాలు పక్కనే కూర్చుని చొక్కా గుండీ కుడుతోంది. నన్ను చూపిస్తూ, క్వియెన్ అక్క చేసిందంటే పనిచేస్తుందిలే తాతా అంది.

జూన్ 10, సోమవారం

మొదలైంది. బిక్ అక్క తెలిసినవాళ్ల దగ్గర ఒక కాపలా సర్వర్ అద్దెకి తీసుకుని నా సర్వర్ ముందు నిలబెట్టింది. వచ్చే రిక్వెస్టులన్నీ ముందు దాని చేతికి వెళ్లి, తర్వాత నాకొస్తాయి. దొంగ రిక్వెస్టుల్ని ఆపుతుందట. మంచిదే. పొద్దున్నే తగిలించారు, పది నిమిషాల్లో అయిపోయింది.

సాయంత్రం దాకా లాగ్ చూస్తూ కూర్చున్నాను. ఎర్రగా ఒక్క తప్పు లేదు.

జూన్ 12, బుధవారం

ఇవాళా లేదు.

జూన్ 15, శనివారం

మా సందు మొగలో, 218లో, తామత్త నూకన్నం అమ్ముతుంది. ఇవాళ ఆమె కొట్టు ముందు, బొగ్గుల పొయ్యి పక్కన కాకుండా గోడ వారగా, మా కంపెనీ సిలిండర్లు మూడు నిలబడి ఉన్నాయి. నన్ను చూడగానే అందుకుంది. ఏమే, నీ కంపెనీ వాళ్లకి నా కొట్టు గోడౌనులా కనిపిస్తోందా, పంది ముక్కలు కాల్చనా, మీ బుడ్లు కాపలా కాయనా అని గరిటె ఊపింది.

అందరూ అన్నీ నీ దగ్గరే కదత్తా పెడతారు అన్నాను. అబద్ధం కాదు. మా సందులో ఎవరికి ఏ పార్సిల్ వచ్చినా తామత్త కొట్టులోనే దిగుతుంది. కొత్త డ్రైవర్లు లోపలికి రారు, వచ్చినా 52 దొరకక 25 తలుపు కొడతారు. నేనే ఎవరికైనా 218 అని చెప్పి, వచ్చాక ఫోన్ చెయ్, నేను మొగలోకి వస్తా అంటాను. ఇవాళ కూడా సిలిండర్ల పక్కనే నా చెప్పుల డబ్బా ఉంది. దాన్ని తీసి నా చేతిలో పెట్టి, ఇదిగో నీ బుడ్డి అంది.

ఊత్ తాతకి కూడా ఇక్కడే దించిపోయారట. తామత్త మొగుడు బండి మీద కట్టుకుని లోపల ఇచ్చొచ్చాడు. జబ్బు తాతకి, నడుం విరిగేది నా మొగుడికి అంది. అంటూనే నాకు రెండు గుడ్లు ఎక్కువ వేసింది.

జూన్ 18, మంగళవారం

డెలివరీకి పట్టే సమయం సగానికి తగ్గింది. బిక్ అక్క గోడ మీద గ్రాఫ్ వేయించి చూపించింది. సింగపూర్ నుంచి పెట్టుబడి పెట్టేవాళ్లు వచ్చే నెల వస్తున్నారు, ఈ ఒక్క గీత చాలు వాళ్లకి అంది. నా భుజం మీద చరిచింది. అందరి ముందు తన ఫోన్ తీసి, ఇదిగో మా అమ్మకి కుర్చీ నేనే నొక్కి పంపుతున్నా చూడండి అని నొక్కింది. చప్పట్లు కొట్టాం. సాయంత్రం అందరికీ హాట్‌పాట్, బల్ల మీదే ఉడికే రొయ్యల పులుసు, పెట్టించింది.

సర్వర్ వేగంగా ఉంటే డ్రైవర్ వేగంగా వెళ్తాడా అని ఖోయి రొయ్య వలుస్తూ అడిగాడు. ఈ మనిషికి ఎప్పుడూ ఒక పుల్ల దొరుకుతుంది. తిను అన్నాను.

జూన్ 22, శనివారం

ఫిర్యాదుల పెట్టెలో కొన్ని వచ్చాయి. వేరే ఇంట్లో పెట్టి వెళ్లిపోయారు, సందు మొగలోనే దించారు. బిక్ అక్క డ్రైవర్లని పిలిచి దులిపేసింది. సందులోకి రెండడుగులు వేస్తే మీ టైర్లు అరిగిపోతాయా అంది. వాళ్లు బండి తాళాలు తీసుకుని బయటికి నడిచారు. ఎప్పుడూ తినే తిట్లే.

ఇంకొకటి. మా సందులో 14వ ఇంటావిడ దారిలో ఆపి, ఎప్పుడూ చిన్నది వచ్చేది, ఇప్పుడు పద్నాలుగు లీటర్లది వస్తోంది, ఎత్తలేక చస్తున్నా అంది. తప్పు నొక్కి ఉంటావు పిన్నీ అన్నాను. నేను సైజు ముట్టుకోలేదే అంది. ఈసారి చూసి నొక్కు అని వచ్చేశాను.

జూన్ 25, మంగళవారం

వాన. తామత్త వాళ్లు మామగారి తద్దినానికి బెన్ త్రే వెళ్లారు. కొట్టుకి తాళం. నాలుగు రోజులు నూకన్నం లేదు. రొట్టె తిని ఆఫీసుకెళ్లాను. చిరాకు.

జూన్ 27, గురువారం. మధ్యాహ్నం 1:40

ఊత్ తాత తిడుతున్నాడు.

పొద్దుటి నుంచి లాగ్‌లో ఆయన రిక్వెస్టులే. ముందు అరగంటకొకటి. ఇప్పుడు వరసగా. అన్నిటికీ 200, అంటే సర్వర్ సుబ్బరంగా అందుకుని, అర్థం చేసుకుని, సరే అన్నట్టు. ఖోయికి చూపించాను. చెప్పినట్టే చేస్తున్నాడు చూడు, ఇవి తిట్లు అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం. సిలిండర్ కాస్త ఆలస్యమై ఉంటుంది. ఇన్ని రిక్వెస్టులకి ఇన్ని సిలిండర్లు పంపకుండా ఒకటి ఉంచి మిగతావి రద్దు చేయాలి. చేస్తాను.

అదే రోజు, సాయంత్రం. ఆస్పత్రి వరండా

ఆఫీసు సంచీలో ఈ డైరీ ఉంది కాబట్టి రాస్తున్నాను. 

రద్దు చేయడానికి ఒక రిక్వెస్ట్ తెరిచాను. లోపల ఇలా ఉంది. ఇల్లు: 218. సైజు: 31, మన దగ్గర లేదు, 10గా మార్చబడింది.

చాలాసేపు చూశాను అనిపించింది, నిజానికి ఒక్క క్షణమే అయ్యుంటుంది. ముప్పై ఒకటి సైజు కాదు. ముప్పై ఒకటి ఊత్ తాత ఇల్లు.

కాపలా సర్వర్ పెద్దమనిషి తరహాలో, ఖోయి వేసిన ముసుగు తీసేసి గీతని గీతగా నాకు అప్పగిస్తోంది. నా ఫ్రేమ్‌వర్క్ దాన్ని చూసి కోసేస్తోంది. 218 ఇల్లు అయింది, 31 లీటర్లు అయింది. లేని సైజుని పదిగా మార్చమన్నదీ, మిగిలిన ముక్కల్ని వదిలేయమన్నదీ నేనే. 14వ ఇంటావిడకి పద్నాలుగు లీటర్లు పంపింది కూడా నేనే. ఊళ్లో సందుల్లో ఉన్నవాళ్లందరి సిలిండర్లూ రోడ్డు మీది ఇళ్లకి పోతున్నాయి. ఎవరూ గోల చేయలేదు. సందు మొగలోకి వచ్చి తీసుకెళ్లడం మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటు.

తామత్త కొట్టుకి తాళం ఉంది. తాత మొగలోకి నడవలేడు.

థియెప్‌కి ఫోన్ చేశాను. ఊత్ తాతకి అనగానే, బుడ్డి బండి మీదే ఉంది, వస్తున్నా, పెట్టెయ్ అన్నాడు. ఇంకేం అడగలేదు. అంబులెన్స్‌కి ఖోయి చేశాడు. నేను స్కూటర్ తీశాను. బిన్ థాన్ మార్కెట్ దగ్గర మోకాలి లోతు నీళ్లు. ఇంజను ఆగిపోయింది. అక్కడే పక్కన పడేసి పరిగెత్తాను.

218 తలుపు మీద డ్రైవర్ అంటించిన కాగితం తడిసి వేలాడుతోంది: ఇంట్లో ఎవరూ లేరు. నిన్నటిది ఒకటి, ఇవాళ్టిది ఒకటి.

తాత గడపకి ఆనుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. తలుపు తెరవడానికి వచ్చి అక్కడే కూలబడినట్టున్నాడు. పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. ముక్కు గొట్టం అలాగే ఉంది, అందులోంచి ఏమీ రావడం లేదు. మంచం పక్కనుండే రెండో సిలిండర్ కూడా ఖాళీ. ఫోన్ ఒళ్లో ఉంది. బొటనవేలు బటన్ మీదే ఉంది. నేను చూస్తుండగా మళ్లీ నొక్కాడు.

థియెప్ తడిసి ముద్దయి వచ్చాడు. గొట్టం మార్చాడు. సిలిండర్ బుస్సుమన్న చప్పుడు విని నేను అక్కడే ఏడ్చేశాను. అంబులెన్స్ సందులో పట్టదు. 14వ ఇంటావిడ వెదురు కుర్చీ తెచ్చింది. థియెప్ ముందు పట్టుకుని, ఇరుగుపొరుగువాళ్లు వెనక పట్టుకుని మోశారు. నేను సిలిండర్ ఎత్తుకుని పక్కన నడిచాను. అది ఎంత బరువో ఇన్నాళ్లూ నాకు తెలియదు. తాత కళ్లు మూసుకుని ఏదో గొణిగాడు. వంగి విన్నాను. పక్కకి, పక్కకి, దిగేవాళ్లని దిగనివ్వండి అంటున్నాడు. బస్సులో ఉన్నాననుకున్నాడు.

మనవరాలు ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. నిన్న సాయంత్రం కూడా నొక్కాం అక్కా, రిక్వెస్ట్ అందింది అని ఫోన్లో వచ్చింది, నీ యాపే కదా, వచ్చేస్తుందిలే అనుకున్నా అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

డాక్టర్ ఇంకా బయటికి రాలేదు.

జూన్ 28, శుక్రవారం

బతికాడు. మాస్కులోంచి చూస్తున్నాడు కానీ మాట లేదు. పది రోజులు ఉంచాలన్నారు.

ఆఫీసుకి వెళ్లి ఎవర్నీ అడగకుండా కోడ్ మార్చాను. ఇంటి నంబరు ఇక పాత్‌లో రాదు, బాడీలో వస్తుంది. అక్కడ గీత ఉన్నా ఎవరూ కోయరు. అర్థం కానిది ఏదైనా వస్తే సర్వర్ ఒప్పుకోదు, ఫోన్ మీద ఎర్రగా చెప్పేస్తుంది. లేని సైజుని పదిగా మార్చే లైన్లు పీకేశాను. ఖోయి పక్కనే కూర్చుని యాప్ మార్చాడు. నేనప్పుడే చెప్పానుగా అనలేదు. జీవితంలో మొదటిసారి.

మధ్యాహ్నానికి ఊరంతా డ్రైవర్లు సందుల్లోకి వెళ్లడం మొదలైంది. సాయంత్రానికి గోడ మీద గ్రాఫ్ ముక్కు పైకెత్తింది: డెలివరీ సమయం మళ్లీ పెరిగింది.

బిక్ అక్క పిలిచింది. తప్పు నాదే అని మొదటి నుంచీ చివరిదాకా చెప్పాను. విన్నది. ముసలాయనకి ఆస్పత్రి ఖర్చు కంపెనీదే, అందులో మాట లేదు అంది. కానీ పాత పద్ధతే మళ్లీ పెట్టెయ్ చెల్లీ అంది. వాన్లో సందులు పట్టుకు తిరిగితే సింగపూర్ వాళ్లకి ఏం చూపించను? నడవలేనివాళ్ల వరకు వేరేగా రాసుకో. మిగతావాళ్లు వచ్చి తీసుకెళ్తున్నారు కదా, ఇన్నాళ్లలో ఎవరైనా ఏడ్చారా అంది.

ఏడవడానికి ఊపిరుండాలి కదక్కా అన్నాను.

ఆమె మొహం ఎర్రబడింది. సోమవారం పొద్దున్నకి పాతది ఉండాలి, లేకపోతే నువ్వుండవు అంది.

జూన్ 30, ఆదివారం

మార్చలేదు. మార్చను. గది అద్దె సంగతి తర్వాత చూద్దాం.

తామత్త బెన్ త్రే నుంచి వచ్చింది. సంగతి విని కొట్టు మెట్ల మీద కూర్చుండిపోయింది. ఈ పాడు తద్దినం ఈ వారమే రావాలా అంది. నీ తప్పేముందత్తా అన్నాను. నా తప్పని ఎవరన్నారే, నీదని కూడా నేననలేదు, తిన్నావా లేదా అంది. తినలేదు. పెట్టింది.

జూలై 1, సోమవారం

రాజీనామా ఉత్తరం సంచీలో పెట్టుకుని వెళ్లాను. బిక్ అక్క పదింటిదాకా రాలేదు. వచ్చాక నన్ను పిలవలేదు, తనే నా బల్ల దగ్గరికి వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

నిన్న వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిందట. వాళ్లమ్మ ఉండేది కూడా సందులోనే, 77 బై 9. చక్రాల కుర్చీ ఏదమ్మా అని అడిగిందట. ఆవిడ కర్ర తీసుకుని మెల్లగా లేచి, రా చూపిస్తా అని సందు చివరిదాకా నడిపించుకెళ్లిందట. రోడ్డు మీద 77 గోళ్లకి రంగులేసే కొట్టు. అద్దాల వెనక, రంగు సీసాల మధ్య మా కంపెనీ కుర్చీ. ఆవిడ రోజూ అంత దూరం నడిచొచ్చి, ఆ కుర్చీలో కాసేపు కూర్చుని, మళ్లీ నడిచి ఇంటికెళ్తోందట. నువ్వు పెద్ద కంపెనీదానివి కదా, ఏదో ఆలోచించే ఇక్కడ పెట్టించి ఉంటావనుకున్నా, కొట్టు పిల్లలు మంచివాళ్లు, టీ కూడా ఇస్తారు అందట.

అది చెబుతూ బిక్ అక్కకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది. నేను టిష్యూ పెట్టె జరిపాను.

ముక్కు తుడుచుకుని, ఒక్కసారైనా ఫోన్ చేసి తప్పు వచ్చింది అనొచ్చు కదా, ఎందుకనరే మీరు అంది. మీరు అంటే సందుల వాళ్లం కాబోలు. తను పుట్టిందీ అక్కడే.

లేస్తూ, ఆ కొత్తది ఉండనీ అంది. థియెప్‌ని మళ్లీ మీ వైపు వేస్తున్నా అంది. రెండడుగులు వెళ్లి వెనక్కి తిరిగి, ఆ మాట మాత్రం బాగోలేదు క్వియెన్, ఊపిరి మాట అంది. క్షమించక్కా అన్నాను. ఉత్తరం ఇంకా సంచీలోనే ఉంది.

జూలై 8, సోమవారం

తాత ఇంటికొచ్చాడు. సగమయ్యాడు. మెడ మీద చొక్కా కాలరు వదులుగా వేలాడుతోంది.

నేను చెప్పాల్సింది చెప్పాను. ఫ్రేమ్‌వర్కూ ముసుగూ ఆయనకెందుకు. నీ ఇంటి నంబరు నేను సరిగ్గా చదవలేదు తాతా అన్నాను. నువ్వు నొక్కుతుంటే తిడుతున్నావనుకుని నవ్వాను అని కూడా చెప్పాను. అది చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

చాలాసేపు గాలి పీల్చుకున్నాడు. మొదట్లో తిట్లే అన్నాడు. ఇంకోసారి పీల్చుకుని, మధ్యాహ్నం నుంచి కాదు అన్నాడు.

మనవరాలు ఆ యాప్ తీసేద్దామా అంది. వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. థియెప్‌కి ఫోన్ చేసినా అప్పుడు మాట వచ్చేది కాదట. వేలైతే కదిలింది కదా అన్నాడు.

జూలై 12, శుక్రవారం

సింగపూర్ వాళ్లు వచ్చారు, గ్రాఫ్ చూశారు, ఆలోచిస్తామన్నారు. బిక్ అక్క ఇవాళ హాట్‌పాట్ పెట్టించలేదు. వాళ్లమ్మ కుర్చీ మాత్రం ఇంటికి చేరింది. గుమ్మంలో పట్టలేదట. తలుపు కోయించింది.

జూలై 17, బుధవారం

14వ ఇంటావిడకి పది లీటర్లది వచ్చింది. నన్ను చూసి, ఈసారి చూసే నొక్కాన్లే అంది. తల వంచుకుని వచ్చేశాను.

జూలై 23, మంగళవారం. మధ్యాహ్నం 3:05

ఊత్ తాత నుంచి వరసగా ఏడు రిక్వెస్టులు. ఇల్లు: 218/31. సైజు: 10. అన్నీ సరిగ్గానే చదివింది సర్వర్. థియెప్ నిన్ననే రెండు నిండు సిలిండర్లు దించొచ్చాడు.

తిడుతున్నాడో పిలుస్తున్నాడో లాగ్‌లో ఉండదు. స్కూటర్ తాళం తీసుకున్నాను.